చోడిబుర్రలో వాచీ

శనివారం పదకొండు గంటలకు డాక్టరమ్మకు సన్మానం. ఇవాళ మంగళవారం. ఆ రోజు డాక్టరమ్మ చేతికి తొడగాల్సిన వాచీ సోములమ్మ అరచేతిలో ఆగిపోయి ఉంది.

ఆదివారం బయటికి తీసినప్పుడు కూడా ముళ్ళు కదల్లేదు. అప్పుడు కోడలు రమణి నవ్వేసింది.

"ఇది బేటరీ వాచీ కాదత్తా. చెయ్యి కదిలితేనే ఇదీ కదుల్తాది. ఒక రోజు పెట్టుకుని తిరుగు, అదే నడుస్తాది" అంది. కొన్నప్పుడు షాపువాళ్ళు అలాగే చెప్పారట.

సరేనని సోములమ్మ సోమవారమంతా వాచీ చేతికి పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా పైన తువ్వాలు చుట్టుకుని, కాఫీ తోటలో కలుపు పీకింది. అయినా పక్క తోట కనక కళ్ళబడనే పడింది. "ఏటప్పా, డాక్టరమ్మకి ఎంగిలి వాచీ ఇత్తావేటి" అని కనక వేళాకోళమాడింది. సోములమ్మ ముఖం ఎత్తలేకపోయింది. సాయంత్రం రమణి ఫోనులో ఐదు గంటలు కనబడితే వాచీలో నాలుగు కూడా కాలేదు. రాత్రి తీసి దిండు పక్కన పెట్టింది. తెల్లారేసరికి ఆ కాస్త నడకా లేదు. ముళ్ళు రెండూ ఒకచోట చేరి పడుకున్నాయి.

డాక్టర్ సత్యకుమారి గూడెం కొత్తవీధి ఆసుపత్రికి వచ్చి ఎనిమిదేళ్ళు. సోములమ్మ ఊరు, దాని పక్క రెండు ఊళ్ళు ఆసుపత్రికి దూరం, రోడ్డుకీ దూరం. మొన్నమొన్నటిదాకా నడిచి రావాల్సిందే. రెండేళ్ళ కింద కనకకు కవల పిల్లలు అడ్డం తిరిగితే, నడుముదాకా నీళ్ళు పారుతున్న గెడ్డ దాటి వచ్చింది డాక్టరమ్మ. తల్లీ పిల్లలూ దక్కారు గానీ ఆవిడ చేతి వాచీలో నీళ్ళు పోయి మళ్ళీ నడవలేదు. ఇంకోటి కొనుక్కోలేదు కూడా. శ్రావణ మాసంలో ఆవిడకు కాకినాడ బదిలీ అయిందని తెలిసినప్పుడు మూడూళ్ళ ఆడవాళ్ళ కాఫీ సంఘం కూచుని మాట్లాడుకుంది. చీర అన్నారు, శాలువా అన్నారు. సోములమ్మ ఒక్క మాట అంది.

"ఆ వాచీ మన గెడ్డలోన పోయింది. మనమే ఇవ్వాల."

కాఫీకి రెండేళ్ళుగా మంచి ధర పలుకుతోంది. ఇస్తే మళ్ళీ నీళ్ళు తగిలినా చెడనిది, ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఉండేది ఇవ్వాలనుకున్నారు. సంఘం లీడరు రమణే. విశాఖపట్నం దిగి, పెద్ద అద్దాల షాపులో ఫారిన్ వాచీ కొని తెచ్చింది. ధర ఎంతో రెండు రోజులు అత్తకు చెప్పలేదు. చెప్పాక సోములమ్మ తడిచేత్తో ఆ వాచీని ముట్టుకోలేదు.

దాచే పని మాత్రం సోములమ్మకే పడింది. మూడూళ్ళకూ విత్తనాలు దాచేది ఆమే కాబట్టి అది మామూలే. ఇంట్లో బీరువా ఉంది గానీ ఈ వానల్లో బీరువాలో చీరలకే బూజు పడుతుంది. అందుకని చోడి, అంటే రాగి, విత్తనం దాచినట్టే దాచింది. వాచీ కన్నా దాని పెట్టె నాలుగింతలు పెద్దది. పెట్టెను ట్రంకులో వేసి, వాచీని మాత్రం గుడ్డముక్కలో చుట్టి, పొయ్యి మీద దూలానికి వేలాడే ఎండిన ఆనపకాయ బుర్రలో, చోడి గింజల మధ్యన పెట్టి మూత బిగించింది. పొయ్యి పొగ తగిలే బుర్రలో విత్తనానికి పురుగు పట్టదు, చెమ్మ చేరదు. అమ్మమ్మ కాలం నుంచీ అంతే.

ఇప్పుడు వాచీ చచ్చిపోయింది. తను చేసిన పనే.

"నానే పొగెట్టి సంపేసినానే" అంది సోములమ్మ, రమణిని పెరట్లోకి పిలిచి. "మూడూళ్ళ వాచీ. ఏ మొకంతో సెప్తాం?"

రమణి గట్టి మనిషి. వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. లోపల ఏదో గరగరమంది.

"రెండేళ్ళ గ్యారంటీ ఉందత్తా. కార్డు మీద ముద్ర కూడా ఉంది. రేపు పొద్దున్న బస్సుకి పోదాం. ఒక్కటే సంగతి. ఎక్కడెట్టేరని అడిగితే బీరువాలో అను. పొయ్యి మీద అని మాత్రం అనకు. వేడి దగ్గరెడితే గ్యారంటీ చెల్లదని కాయితంలో ఉంది."

"అబద్దమాడమంటావా?"

"నువ్వు మాటాడకు. నానే ఆడతాను."

బుధవారం చీకటితో బస్సెక్కారు. చింతపల్లి దాటి ఘాటు దిగుతున్నంతసేపూ సోములమ్మ ఒళ్ళో పెట్టె పట్టుకుని లోలోపల బీరువా, బీరువా అనుకుంటూనే ఉంది. ఆమెకు ఏ ప్రయాణమైనా భయమే. బస్సు కొండ దిగుతుంటే మళ్ళీ ఆ కొండెక్కి ఇంటికి చేరతానో లేదో అనిపిస్తుంది. కూతురు కృపావతి పెళ్ళయి సీలేరు వెళ్ళిన రోజున కూడా ఇలాగే అనిపించింది. కూతురు నెలకోసారి వస్తూనే ఉంది, అయినా పంపేటప్పుడల్లా అదే గుబులు.

షాపు గుమ్మంలో చెప్పులు విప్పబోతే గుమ్మం కాపలా అతను "వద్దమ్మా, వేసుకునే వెళ్ళండి" అన్నాడు. లోపల చలి. రిపేరు కౌంటరు దగ్గర శ్రావణి అనే అమ్మాయి కూచోబెట్టి, కార్డు చూసి, కంప్యూటరులో ఏవేవో నొక్కింది. కొని నెల కూడా కాలేదని చూసి మర్యాదగా నొచ్చుకుంది.

"నీళ్ళలో గానీ, వేడి దగ్గర గానీ ఉంచారా మేడం?"

"లేదు" అంది రమణి. "బీరువాలో ఉంచేం."

సోములమ్మ నేల మీద మెరుస్తున్న పలకలు చూస్తూ కూచుంది.

శ్రావణి కాగితం మీద ముద్ర వేసి రమణి ముందుకు జరిపింది. "పైన చెప్పినవన్నీ నిజమేనని, కాదని తేలితే గ్యారంటీ వర్తించదని ఇందులో ఉంది. ఇక్కడ సంతకం చెయ్యండి."

రమణి పెన్ను తీసుకుంది. రమణి పేరు సంఘం కాగితాలన్నింటి మీదా ఉంటుంది. బ్యాంకులో ఆ సంతకం చూసే నమ్ముతారు. తన మూలాన ఆ సంతకం అబద్ధం కింద పడబోతోంది.

ఈలోగా వెనక అద్దాల గదిలో పెద్దాయన ఒకాయన, కంటికి చిన్న భూతద్దం బిగించుకుని వాచీని తిరగేస్తున్నాడు. మెకానిక్ వరహాలరావు. ముప్పై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్నవాడు. సన్నటి పటకారుతో గొలుసు లంకెల మధ్య నుంచి ఏదో లాగి, అరచేతిలో వేసుకుని, గది బయటికి వచ్చాడు. ఎర్రగా, ఆవగింజంత.

"ఏటిది?" అన్నాడు.

శ్రావణి మెడ చాచి చూసింది.

"చోడిగింజ" అని ఆయనే చెప్పాడు. "బీరువాలో చోళ్ళు పండించేరేటమ్మా?"

రమణి పెన్ను కాగితం మీద ఆగిపోయింది. సోములమ్మ లేచి నిలబడింది.

"ఆ గుంటది ఏ తప్పూ నేదు బాబూ. బీరువా మాట నన్ను కాసుకోడానికి సెప్పింది. నాను పొయ్యి మీద ఇత్తనం బుర్రలోన ఎట్టినాను. ఇరవై రోజులు పొగలోన ఉంది. మా ఇంట్లోన మంచిదేదున్నా అక్కడే ఎడతాం. వాచీకి పనికిరాదని నాకు తెల్దు. గ్యారంటీ ఒద్దు, ఏటీ ఒద్దు. ఎంతయితే అంత ఇచ్చుకుంటాం. శనివారానికి నడిస్తే సాలు. మా డాక్టరమ్మ ఎల్లిపోతంది."

"అత్తా" అంది రమణి నెమ్మదిగా. పెన్ను కింద పెట్టేసింది.

శ్రావణికి ఏం చెయ్యాలో తోచక వరహాలరావు వైపు చూసింది. ఆయన గింజను కౌంటరు మీద జాగ్రత్తగా పెట్టాడు.

"కూకో అప్పా" అన్నాడు. "ముందు దాని పొట్టలోన ఏటుందో సూడనీ. తరవాత ఏడుద్దువు గాని."

అద్దాల గదిలో ఆయన వాచీ వెనక మూత తిప్పి తీశాడు. సోములమ్మ అద్దానికి ముఖం ఆనించి నిలబడింది. బుర్రలో పెట్టిన చేతులు ఇవే. ఆ చేతుల్ని కొంగులో చుట్టుకుంది. లోపల మూడూళ్ళ చోళ్ళూ పొంగి బయటికి వస్తాయని, పొగ మసి రాలుతుందని అనుకుంది. ఏమీ రాలేదు. లోపల వెండిలా మెరుస్తోంది. వరహాలరావు చాలాసేపు వంగి చూసి, చివరికి చెయ్యి ఊపి ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

"ఇదిగో, సూడు. ఈ అర్ధచంద్రంలా ఉన్నది సెయ్యి కదిల్తే గిర్రున తిరిగి స్ప్రింగుకి చుట్టు ఎక్కిస్తాది. దీన్ని పట్టుకున్న స్క్రూ ఇదీ. సగమే బిగించి ఒదిలేసినారు. ఇది ఒరిగిపోయి మూతకి రాసుకుంటంది, తిరగట్లేదు. ఇంక ఎన్ని రోజులు సెయ్యి ఊపినా నడవదు."

"ఎవరు ఒదిలేసినారు?"

"తయారుచేసినోళ్ళు."

సోములమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "పొగ కాదా?"

"పొగ మూత దాటలేదు. వేడి కూడా అంత పైన ఏటుంటాదిలే, నూనె అలాగే ఉంది." వరహాలరావు శ్రావణి వైపు తిరిగాడు. "ఈ వానల్లోన ఏజెన్సీ నుంచి వచ్చే ప్రతీ వాచీకీ లోపల ఆవిరే. మొన్న బీరువాలోంచి తీసి తెచ్చినోడిది చూసేవు కదా, తుప్పు. ఇది ఎలాగుందో చూడు, ఎండలోన ఆరబెట్టినట్టుంది. ఫోటో తీసి కంపెనీకి పంపీ. స్క్రూ సంగతి రాయి. ఎక్కడెట్టేరన్న చోట నిజమే రాయి, పొయ్యి మీద బుర్రలో అని. ఏటీ కాదు."

శ్రావణి పాత కాగితం చింపేసి కొత్తది తీసింది. రమణి దాన్ని పైనుంచి కిందికి చదివి సంతకం చేసింది. చేస్తూ అత్త వైపు చూడలేదు గానీ, కౌంటరు కింద నుంచి చెయ్యి చాచి సోములమ్మ మోకాలు ఒకసారి నొక్కింది.

"కంపెనీ ఒప్పుకున్నాక బిగిస్తాను. రేపొస్తాది జవాబు. తరవాత ఒక పగలూ ఒక రాత్రీ మిషను మీద తిప్పి చూడాలి. శుక్రవారం మధ్యాహ్నం పట్టుకెళ్ళండి" అన్నాడు వరహాలరావు. శ్రావణి ఒక చీటీ ఇచ్చింది.

ఆ చీటీ చూడగానే సోములమ్మకు అంతదాకా తేలికపడ్డ గుండె మళ్ళీ బరువెక్కింది. చీటీ అంతా ఇంగ్లీషు.

ఇరవై రెండేళ్ళ కింద ఇలాంటి చీటీయే ఆమె చేతిలో పెట్టారు. భర్త బుధుకు జ్వరం ముదిరితే డోలీలో రోడ్డుకీ, రోడ్డు మీంచి జీపులో కొండ దిగువ ఆసుపత్రికీ చేర్చారు. మంచం ఇచ్చి, చీటీ ఇచ్చారు. పిల్లలకు గంజి కాచి, దుప్పటి పట్టుకొస్తానని ఆమె మళ్ళీ కొండెక్కింది. బుధు పడుకునే చెయ్యి ఊపాడు. మూడో రోజు వచ్చేసరికి ఆ మంచంలో వేరే మనిషి ఉన్నాడు. ఏ వార్డుకు మారుస్తారో చీటీలోనే రాసి ఉందట. చదవడం రాని సోములమ్మ దాన్ని కొంగున కట్టుకుని మెట్లెక్కీ దిగీ, కనబడిన వాళ్ళనల్లా అడిగీ, చివరికి చేరేసరికి బుధు పోయి గంట అయింది. ఆసుపత్రివాళ్ళ తప్పేమీ లేదు. ఆ గంట మాత్రం ఆమెకు ఎప్పటికీ మిగిలిపోయింది. సోములమ్మకు ఏదో మాట చెప్పాలని బుధు ఆమె కోసం అడిగాడట, ఆ మాట ఎవరితోనూ చెప్పకుండానే పోయాడట.

ఆ ఏడే కొడుకు ఒకటో తరగతి పుస్తకం ముందేసుకుని సోములమ్మ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. కాఫీ బస్తాల మీద పేర్లూ, బస్సుల మీద ఊళ్ళూ, పకోడీ కట్టిన కాగితాలూ చదివి చదివి ఇప్పుడు రమణి తెచ్చే కథల పుస్తకాలు కూడా వేలు పెట్టుకుని చదువుతుంది. ఇంగ్లీషు మాత్రం రాదు.

"ఇది నాకు రాదు బాబూ" అంది వరహాలరావుతో. "నాకొచ్చింది రాసియ్యి. నేకపోతే వాచీ ఇక్కడొదిలి నాను కదల్ను."

రమణి సిగ్గుపడి, "అత్తా, నాను చదువుతాను కదా" అంది.

"నువ్వు కాదు. నాను సదవాల."

వరహాలరావు ఆమె ముఖంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. చీటీ తిరగేసి, వెనక వైపు తెలుగులో బొద్దు అక్షరాలతో రాసి ఇచ్చాడు. సోములమ్మ వేలు కింద పెట్టి, పెదవులు కదుపుతూ, షాపులో అందరికీ వినబడేలా చదివింది.

"సోములమ్మ గారి వాచీ వరహాలరావు దగ్గర ఉంది. ఎక్కడికీ పోదు. శుక్రవారం ఇస్తాడు."

"కుదిరిందా?"

"గారు ఎందుకు రాసినావు" అంది సోములమ్మ. "సరే, ఉండనీ."

గాజువాకలో ఉన్న రమణి అక్క ఇంట్లో దిగారు గానీ, పగలంతా సోములమ్మ షాపులోనే ఉంది. కదలనన్న మనిషి మాట నిలబెట్టుకుంది. గురువారం పదకొండింటికి కంపెనీ జవాబు వచ్చింది. పైసా అక్కర్లేదన్నారు, కొత్త స్క్రూ వెయ్యమన్నారు. వరహాలరావు స్క్రూ బిగించి, సంతలో రంగులరాట్నంలా నెమ్మదిగా తిరిగే చిన్న చక్రానికి వాచీని తగిలించాడు. ఇంకా నాలుగైదు వాచీలు ఆ చక్రం మీద తిరుగుతున్నాయి. సోములమ్మ తనదాన్నే చూస్తూ కూచుంది. కిందికి పోయినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, పైకి వచ్చినప్పుడు వదిలింది. శ్రావణి టీ తెచ్చి ఇచ్చి, "మామ్మగారూ, మీరు చూసినా చూడకపోయినా అది తిరుగుద్ది" అంది.

"తిరుగుతాదిలే. నాను సూత్తే దానికి బరువేటి" అంది సోములమ్మ.

శుక్రవారం మధ్యాహ్నం వరహాలరావు వాచీ తీసి, తన కంప్యూటరులో గడియారంతో సరిచూశాడు.

"ఇరవై నాలుగ్గంటల్లోన రెండు సెకన్లు ఎక్కువ నడిచింది."

"ఎక్కువే కదా, తక్కువ కాదు కదా?"

"ఎక్కువే."

"ఎక్కువయితే ఒచ్చిన బాధేటి" అని సోములమ్మ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. వరహాలరావు చోడిగింజను చిన్న కాగితంలో చుట్టి ఇస్తే కొంగున ముడేసుకుంది. విత్తనం విత్తనమే.

తిరుగు ప్రయాణంలో వాన మొదలైంది. ఘాటులో చెట్టు పడిందనీ బస్సు ఆగిపోతుందనీ ఎవరో అన్నారు. సోములమ్మ పెట్టెను పొట్టకు హత్తుకుని, రోడ్డు ఆగిపోతే నడిచే వెళ్ళిపోదామని రమణికి చెప్పి, ఎక్కడెక్కడ అడ్డదారులున్నాయో కూడా లెక్కపెట్టి పెట్టుకుంది. చెట్టును అప్పటికే తీసేశారు. ఏమీ కాలేదు. చీకటి పడకముందే ఇంటికి చేరారు.

"ఇయ్యాళ రాత్రికి ఎక్కడెడతావత్తా?" అంది రమణి అమాయకంగా.

"నీ నెత్తి మీద" అంది సోములమ్మ.

చేతికే పెట్టుకుని పడుకుంది.

శనివారం పదకొండింటికి బడి వరండాలో మూడూళ్ళ జనం చేరారు. వరస కట్టి థింసా ఆడారు. మాటలు మాట్లాడారు. కనక కవలలిద్దరూ డాక్టరమ్మ ఒళ్ళో కూచుని బిస్కట్లు నలిపారు. వాచీ పెట్టె ఇవ్వమని అందరూ సోములమ్మనే ముందుకు తోశారు. డాక్టరమ్మ మూత తీసి చూసి, ఇంత ఖరీదైంది తీసుకోనని గట్టిగా అంది. ఆ ఊళ్ళో ఆవిడ మాట ఎవరూ కాదనరు గానీ ఆ రోజు మాత్రం ఎవరూ వినలేదు. సోములమ్మే గొలుసు తొడిగి నొక్కింది. రమణి దగ్గర నేర్చుకున్న నొక్కు అది. టిక్కుమని పడింది.

డాక్టరమ్మను తీసుకెళ్ళడానికి వచ్చిన జీపు డ్రైవరు హారను కొట్టాడు. సోములమ్మ బల్ల మీద కూచుని జీపు వైపు చూసింది. ఇంక ఇంతే. ఇప్పుడు డాక్టరమ్మ చెయ్యి ఊపుతుంది, జీపు వంపు తిరుగుతుంది.

డాక్టరమ్మ మణికట్టు ఎత్తి చూసుకుంది. "పన్నెండుకని చెప్పా కదా వాడికి. ఇంకా ఇరవై నిమిషాలుంది" అని, నిలబడ్డ మనిషి వచ్చి సోములమ్మ పక్కన బల్ల మీద కూచుంది.

"నాకు మీతో మాటాడాలనుంది తల్లీ, ఏటి మాటాడాలో తెల్దు" అంది సోములమ్మ.

"ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు."

డాక్టరమ్మ ఆమె మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, కొత్త వాచీలో సెకన్ల ముల్లు కేసి చూస్తూ లెక్కపెట్టింది. ముల్లు ఎక్కడా ఆగకుండా చుట్టు తిరిగి వచ్చింది. సోములమ్మ కూడా దాన్నే చూసింది. డాక్టరమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"బీపీ మాత్ర వేసుకుంటున్నావా?"

సోములమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఎన్ని రోజులైంది?"

"మంగళవారం నుంచి నేదు. పనుల్లోన పడి మరిసిపోనాను."

"నాలుగు రోజులు. ఏం పనులవి, ప్రాణం కన్నా ఎక్కువ పనులు? నేను ఇటు బయల్దేరానో లేదో అటు మానేశావన్నమాట. రేపొచ్చే డాక్టరు నన్నేమనుకుంటాడు? రమణీ, నువ్వేం చేస్తున్నావు? వెళ్ళి మాత్రలు పట్రా. నా ముందే మింగాలి."

రమణి పరుగెత్తింది. డాక్టరమ్మ సోములమ్మ చెయ్యి వదలకుండానే తిడుతోంది. ఉప్పుచేప మానమని ఎన్నిసార్లు చెప్పానంది. కాళ్ళ వాపు సంగతి అడిగింది. అబద్ధం చెప్పొద్దంది. సోములమ్మ తల వంచుకుని ఒక్కోదానికీ జవాబు చెబుతూ, ఓరకంట వాచీ చూసుకుంది. ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి.